పేలని తూటా

మొన్న మా కోడలు మూలన పడున్న కుట్టుమిషన్‌ను ముందుకు లాగి, దాని కీళ్ళలో నాలుగు చుక్కలు నూనె వేసి చక్రం తిప్పుతుంటే, ఆ పల్చని వాసనకు బియ్యం చెరుగుతున్న నా చేతులు ఆగిపోయాయి. ఎనిమిదేళ్ళ పిల్లగా, ధర్మసాగర్ దగ్గర మా పెంకుటింటి అరుగు మీద, శనివారం మధ్యాహ్నాలు బాపు తన చిన్న రైఫిల్‌ను తుడుస్తుంటే పీల్చిన వాసన అది.

ఆ రైఫిల్ మొదట మా తాతది. మిషను దవాఖానలో ఆయన పనికి మెచ్చి ఒక దొర సీమకు పోతూ ఇచ్చిపోయాడట. పల్లిచేలో పడే అడవిపందులను బెదరగొట్టడానికి తప్ప దానికి వేరే పని లేకపోయినా, బాపు దాన్ని వారం వారం శుభ్రం చేసేవాడు. గోనెపట్టా పరిచి, వెనకనుండే బోల్టును లాగి పక్కన పెట్టి, గొట్టంలోకి చూసి “ఖాళీ” అనేవాడు. ఆ తర్వాత నేను చూసి “ఖాళీ” అనాలి. “ఎన్కనుంచే చూడాలె బిడ్డా, మూతి దిక్కు కన్ను పెట్టద్దు” అని ప్రతిసారీ చెప్పేవాడు. గొట్టం మూతి దగ్గర తెల్లకాగితం ముక్క పట్టుకుంటే వెలుగు లోపలంతా పాకి, మెలికలు తిరిగిన సన్నటి గీతలు మెరిసేవి. అప్పుడుగాని ఇనుప చువ్వకు అమ్మ పాతచీర పేలిక చుట్టి, గ్యాసునూనెలో, అదే కిరసనాయిలులో, ముంచి లోపలికి తోసేవాడు కాదు. మసిపట్టిన పేలికలు పోయి తెల్లటి పేలిక తెల్లగానే బయటికి వచ్చేదాకా మార్చి మార్చి తుడిచి, చివరికి ఒక్క చుక్క నూనె రాసేవాడు.

ఆ ఏడు క్రిస్మస్ దగ్గర పడుతోంది. ఇంట్లో సకినాల పిండి తడివాసన, నువ్వులు వేగే వాసన, చలికి ఎండలో కూర్చుని కచ్చకాయలాడే మా చప్పుడు, అన్నీ ఎప్పటిలాగే ఉన్నా పెద్దవాళ్ళు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. దోపిడీ మూకలు ఊళ్ళ మీద పడి కొడుతున్నారని, ఇళ్ళు తగలబెడుతున్నారని రోజుకో కబురు వచ్చేది. ఊరి మగవాళ్ళు వంతులవారీగా చెరువుకట్ట కాసేవారు. మా ఇంటి వంతుకు బాపు తమ్ముడు యోసేపు కాక రైఫిల్ పట్టుకుని పోయేవాడు. ఇరవై నిండని మనిషి, ఒకచోట కుదురుగా కూర్చోలేడు.

ఆ గురువారం పొద్దున్నే కాక తిరిగివచ్చి, ఎవరితో మాట్లాడకుండా రైఫిల్‌ను గోడకు తగిలించి పడుకున్నాడు. కాసేపటికి తొర్రూరు దిక్కునుంచి ఊరు విడిచి వచ్చినవాళ్ళు కొందరు మూటలతో మా వాకిట్లో నిలబడ్డారు. వాళ్ళలో లచ్చమ్మ అనే ఆమెకు చంకలో మూడునెలల కొడుకు. అమ్మ వాళ్ళకు గంజి కాచిపోసి, పశువుల కొట్టంలో చోటిచ్చింది.

శనివారం బాపు గోనెపట్టా పరిచాడు. లచ్చమ్మ అరుగు చివర, ఎండ తగిలే గోడకు ఆనుకుని పిల్లవాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. రైఫిల్ మూతి ఎప్పుడూ ఆ గోడవైపే ఉండేది. బాపు ఆమెతో వాళ్ళ ఊరి సంగతులు మాట్లాడుతూనే బోల్టు లాగాడు. తూటా ఏదీ పడలేదు కాబట్టి లోపలికి చూడకుండానే “ఖాళీ” అని, చువ్వకు పేలిక చుడుతూ రైఫిల్‌ను నా ముందుకు జరిపాడు. మెట్టు మీద కూర్చున్న కాక లేచి నిలబడ్డాడు.

నేను కన్ను పెట్టి చూశాను. వెలుగు లేదు. కందిగింజంత పసుపుపచ్చగా ఏదో మెరిసింది. బాపు ఒకసారి ఖాళీ అన్నాక కాదనడానికి నోరు రాలేదు. ఆయన చువ్వ అందుకుని గొట్టం వెనకకు తెచ్చాడు.

“బాపూ, ఖాళీ లేదు!” అని అరిచాను.

చువ్వ అక్కడే ఆగింది. బాపు రైఫిల్‌ను లచ్చమ్మ వైపునుంచి మెల్లగా తిప్పి, చేని దిక్కు పెట్టి లోపలికి చూశాడు. తూటాను బయటికి లాగే చిన్న కొక్కెం అరిగిపోయిందట. చాకు మొనతో తూటాను బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. దాని అంచున, రైఫిల్ సూది కొట్టినచోట, చిన్న నొక్కు ఉంది.

“దీన్ని ఎవలో పేల్చ సూసిండ్రు. పేలలే.” తల ఎత్తి కాకను చూశాడు. “యోసేపూ, ఎవల మీద?”

కాక మెట్టు దగ్గరనుంచి బాపు ముందుకు వచ్చాడు. “తెల్లారంగ మంచుల మంది కట్ట మీద వస్తాండ్రన్నా. ఊళ్ళు తగలబెట్టెటోళ్ళే అనుకున్న. నొక్కిన. పేలలే. గంతల పసిపిల్లగాడు ఏడ్సిండు…”

లచ్చమ్మ అంతా విన్నది. ఆమె కాకను చూసింది, బాపు అరచేతిలోకి చూసింది. కొడుకును రొమ్ముకు హత్తుకుని, అమ్మవైపు తిరిగి, “పోరడు ఆకలికి ఏడుస్తాండక్కా, నాకు పాలు పడ్తలేవు, జరన్ని ఉంటే పొయ్యి” అంది. అమ్మకన్నా ముందు కాక లోపలికి పరుగెత్తి పాలగిన్నె తెచ్చాడు. ఆమె ముందు పెట్టి అక్కడే కూలబడి, మోకాళ్ళలో తల దూర్చి ఏడ్చాడు.

సోమవారం బాపు రైఫిల్‌ను గుడ్డలో చుట్టి, వరంగల్లుకు నడిచిపోయి సర్కారుకు అప్పజెప్పి వచ్చాడు. గొడవలు సద్దుమణిగాక లచ్చమ్మ వాళ్ళు తిరిగి పోతుంటే, మూటలన్నీ నెత్తిన పెట్టుకుని కాక వాళ్ళ ఊరిదాకా వెళ్ళాడు. కాజీపేటలో రైలు నౌకరీ దొరికాక కూడా ఏటా పత్తి ఏరే రోజుల్లో ఒకసారి పోయి, ఆ పిల్లవాడు మల్లయ్యను చూసి వచ్చేవాడు. కాక పోయినప్పుడు మల్లయ్య వచ్చి పాడె మోశాడు. “మీ కాకకు నేనంటే గంత పావురం, గంత ప్రేమ ఎందుకో అక్కా” అని నన్ను అడిగాడు. లచ్చమ్మ కొడుకుకు ఆ మాట చెప్పనే లేదన్నమాట. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, అరుగు లేదు, పల్లిచేను ఇళ్ళ స్థలాలైంది. నిరుడు మల్లయ్య కూడా పోయాడు. ఆ మధ్యాహ్నం అరుగు మీద ఉన్నవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. వింటే నొచ్చుకునేవాళ్ళు ఇక ఎవరూ లేరని, ఇన్నాళ్ళకు చెబుతున్నాను.