సాగనంపే పళ్లెం

కువైట్‌లోని మంగఫ్‌లో మా కంపెనీ మెస్సుకు వంటగది ఒకటే, పొయ్యిలు మాత్రం రెండు వైపులా. ఒక వైపు నాది: పప్పు, సాంబారు, చపాతీలు. ఇంకో వైపు చైనా మాస్టర్‌ది. అహ్మది వైపు పనికి వచ్చిన చైనా టెక్నీషియన్ల వంట కోసం కంపెనీ ఆయన్ని తెచ్చుకుంది. నడుమ ఒక స్టీలు బల్ల. ఎవరి సామాను ఎవరి వైపు జరిగినా మాటా మాటా వచ్చేది. ఆయనకు నా పోపు ఘాటు పడదు, నాకు ఆయన వెనిగర్ వాసన పడదు. వచ్చీరాని హిందీలో, అంతకంటే తక్కువ వచ్చిన అరబ్బీలో పోట్లాడుకునేవాళ్లం. భాష చాలక పోట్లాటలు సగంలోనే ఆగిపోయేవి.

మేమిద్దరం రాజీపడింది డంప్లింగుల దగ్గర. మైదాపిండి బిళ్లలో కూర పెట్టి, అంచు మడిచి, నీళ్లలో ఉడికిస్తాడు. మొదటిసారి చూడగానే నాకు కడపలో మా అమ్మ చేసే కజ్జికాయలు గుర్తొచ్చాయి. మా మెస్సులో తినే జగిత్యాలవాళ్లు మాత్రం అవి గరిజెలే అన్నారు. పేరు దగ్గర మాలో మాకే తగవు. మాస్టర్‌కు ఆ తగవు అర్థం కాలేదు గాని, ఏ ఊరివాడికైనా అంచు మడవడం వచ్చని కనిపెట్టాడు. పండగ రోజుల్లో మమ్మల్నందర్నీ బల్ల చుట్టూ నిలబెట్టి పని చేయించుకునేవాడు.

చలికాలంలో, ఏడాది మొత్తంలో పగలు బాగా పొట్టిగా ఉండే రోజున అందరిచేతా అవి తినిపించేవాడు. ఆ రోజు తినకపోతే చలికి చెవులు రాలిపోతాయని వాళ్ల నమ్మకం. ఎప్పుడో ఒక వైద్యుడు, చెవులు గడ్డకట్టిన పేదవాళ్లకు మాంసమూ మందు దినుసులూ పిండిలో చెవి ఆకారంలో చుట్టి పెట్టాడట. కువైట్‌లో చెవులు కరిగిపోతాయే గాని రాలిపోవు మాస్టర్ అని నేను ఎగతాళి చేసేవాడిని. ఆయన నవ్వకుండా నా చెవి పట్టుకుని చూసి, పళ్లెంలో ఇంకాసిని వేసేవాడు.

వాళ్ల కొత్త సంవత్సరం రోజు ఒక డంప్లింగు మరిగే నీళ్లలో విచ్చుకుపోయింది. పక్కనున్నవాడు "టూట్ గయా" అన్నాడు. మాస్టర్ ముఖం మాడిపోయింది. పండగపూట పగిలిందనే మాట అనకూడదట, కలిసొచ్చింది అనాలట. మావాళ్లు ముసిముసిగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. డబ్బాలో బియ్యం అయిపోతే మా అమ్మ నిండుకున్నాయంటుంది, దీపం ఆరిపోతే కొండెక్కిందంటుంది. చైనాలోనూ అమ్మలు ఇలాగే మాట్లాడతారు కాబోలు అనుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన వెనిగర్ సీసా నా వైపు జరిగినా ఊరుకునేవాడిని.

ఆయన పట్టింపుల్లో అన్నిటికన్నా గట్టిది ప్రయాణాల గురించి. ఇల్లు విడిచి వెళ్లేవాళ్లకు డంప్లింగులు పెట్టాలి, ఇంటికి వచ్చినవాళ్లకు నూడుల్స్ పెట్టాలి. గట్టిగా మూసిన అంచు లాగే వెళ్లినవాళ్ల దారి కూడా భద్రంగా ఉంటుందని, వాళ్లు మళ్లీ ఈ గడపకే వస్తారని చెప్పేవాడు. మా క్యాంపు నుంచి సెలవు మీద ఇంటికి పోయేవాడు బెంగాలీ అయినా, ఈజిప్టువాడైనా, ఎయిర్‌పోర్టు వ్యాను ఎక్కేముందు ఆయన పెట్టిన పళ్లెం ఖాళీ చేయాల్సిందే. తొందరగా ఉందని తప్పించుకున్నవాణ్ని గేటు దాకా వెంబడించి తినిపించడం నేను చూశాను.

జగిత్యాల నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరు మా క్యాంపులో ఉండేవారు. ఇద్దరిదీ వెల్డింగు పని. పెద్దవాడు మాటకారి. మడతలు పెట్టడంలో మాస్టర్‌నే మించిపోయేవాడు. కొత్త సంవత్సరానికి మాస్టర్ ఒక డంప్లింగులో నాణెం పెట్టి మూసేవాడు. అది ఎవరి పంటికి తగిలితే ఆ ఏడంతా వాళ్లకు బాగుంటుందట. కిందటిసారి అది పెద్దవాడికే వచ్చింది. నాలుక మీద పెట్టుకుని మెస్సంతా తిరిగి చూపించాడు. ఆ నాణెం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ ఏడు గడవకముందే ఒక పొద్దున తమ్ముడు డ్యూటీకి లేపబోతే అతను లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

కాగితాలు తయారయ్యేదాకా శవం మార్చురీలో ఉండిపోయింది. తమ్ముడు ఏడవలేదు, తిండి ముట్టలేదు. మెస్సుకు వచ్చి ఒక మూల కూర్చునేవాడు. టీ ఇస్తే తాగేవాడు, అన్నం పెడితే "వద్దన్నా" అని పళ్లెం జరిపేవాడు. ఊళ్లో తల్లికి ఇంకా అసలు సంగతి తెలియదు, పెద్దకొడుక్కి ఒంట్లో బాగాలేదని మాత్రమే చెప్పి ఉంచారు. పెట్టె వెంట ఇతనే పోవాలి, తల్లికి ఇతనే చెప్పాలి. పెద్దవాడి పిల్లలు మరీ చిన్నవాళ్లు, కొరివి కూడా ఇతనే పెట్టాలి. చూస్తే గోడ పట్టుకుంటే గాని లేవలేకపోతున్నాడు. దారిలో కూలబడితే ఎవరు దిక్కు, ఆ తల్లికి ఇద్దరూ లేకుండా పోతారేమోనని నాకు భయం వేసింది. నా సొంత తమ్ముడి గురించి కూడా నేనెప్పుడూ అంత భయపడలేదు.

మాస్టర్ అతన్ని దూరం నుంచి చూసి, నాకు టీ కెటిల్ చూపించాడు. అందులో డంప్లింగులు ఉడికిస్తే లోపల నిండుగా ఉంటాయి గాని మూతిలోంచి ఒక్కటీ బయటికి రాదు. కడుపులో ఉన్నది చెప్పుకోలేని మనిషిని వాళ్ల దేశంలో అలా అంటారట.

బయల్దేరే రోజు మధ్యాహ్నం మాస్టర్ పిండి కలపడం చూశాను. ఎవరికోసమో అడగక్కర్లేదు. అడ్డం పడ్డాను.

"వద్దు మాస్టర్. వాళ్లకు మైల. ఇప్పుడు మాంసం తినరు" అని హిందీలో చెప్పాను.

ఆయన మాంసం గిన్నె పక్కకు పెట్టాడు. గుడ్డు కూడా పనికిరాదన్నాను, అదీ తీసేశాడు. క్యాబేజీ, క్యారెట్ తరగడం మొదలుపెట్టాడు. అప్పుడిక అసలు మాట చెప్పాల్సి వచ్చింది. చావు ఇంటి నుంచి లేచేటప్పుడు మా వైపు ఎవరూ వెళ్లొస్తానని అనరు, మాట్లాడకుండా పోతారు. మళ్లీ రావడమనే మాటే అక్కడ పలకకూడదు. నువ్వు పెట్టేదేమో మళ్లీ రమ్మని పెట్టేది, అది ఎలా కుదురుతుందని అడిగాను. ఆయన కత్తి ఆపాడు.

"తుమ్హారా గావ్, మర్ గయా ఘర్, ఖానా కౌన్ పకాతా?" అన్నాడు. చావు జరిగిన ఇంటికి మీ ఊళ్లో అన్నం ఎవరు వండుతారని ఆయన ప్రశ్న.

ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు, పక్కింటివాళ్లు వండి తెస్తారన్నాను. ఆయన తన పొయ్యి చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకుని, మళ్లీ కత్తి పట్టుకున్నాడు. నేనూ చేతులు కడుక్కుని వచ్చి అంచులు మడిచాను.

వ్యాను వచ్చే వేళకు తమ్ముడు సంచితో వచ్చి కూర్చున్నాడు. మాస్టర్ అతని ముందు ఒక పళ్లెం పెట్టాడు. పక్కనున్న ఖాళీ కుర్చీ ముందు ఇంకో పళ్లెం పెట్టాడు. ఆ రెండోది పెడతాడని నేను అనుకోలేదు.

"గిదేందన్నా?" అన్నాడు తమ్ముడు, ఖాళీ కుర్చీ వైపు చూసి.

"ఊరికి పోయేటోళ్లకు పెడతాడు కదా నాయనా. సల్లగా పోయి మళ్లా ఈడికే రావల్లని వాళ్ల నమ్మకం. ఇద్దరు పోతాండారని రెండు పెట్టినాడు. తప్పుగా అనుకోవాకు. వద్దంటే తీసేయమని చెప్తా" అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు.

"అన్నకు పెట్టద్దని చెప్పు అన్నా. ఆయన మల్ల ఈడికి రావద్దు. గీ దేశంల ఆయన పని ఖలాస్."

చెయ్యి చాపి ఆ పళ్లెం తన దగ్గరికి లాక్కున్నాడు. అందులోవన్నీ తన పళ్లెంలో వంపుకున్నాడు.

"అమ్మ ఉన్నది, వదిన ఉన్నది, పిల్లలున్నరు. మల్ల రావాల్సింది నేనే గద" అన్నాడు.

మొదటిది నోట్లో పెట్టుకోగానే అతనికి ఏడుపు వచ్చింది. బయట డ్రైవరు హారన్ కొడుతున్నాడు. అతను ఏడుస్తూనే, ఒక్కటి కూడా మిగల్చకుండా అన్నీ తిన్నాడు.