నచ్చలేదని చెప్పిన ఇల్లు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ ఏడు మా ఆయన ఆఫీసుతో పాటు మేమూ కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చి పడ్డాం. అసలు మాది తెనాలి వైపు. ఆరేళ్ళలో అయిదు అద్దె ఇళ్ళు మారాం. మాతోనే ఉండే మా అత్తగారు ఈ ఊరిని చివరిదాకా పరదేశమనే అంది. నీళ్ళగదిలో జారిపడి తుంటి విరిగినప్పటి నుంచీ ఆవిడ మంచం దిగాలంటే ఒకరు పట్టుకోవాలి. అలాంటి మనిషిని పెట్టుకుని ఉంటే ఇంటి యజమాని వచ్చి, "మా తమ్ముడొస్తున్నడు సారు, నెల రోజుల్ల ఖాళీ చెయ్యాలె" అన్నాడు. వెతికితే దొరికినవన్నీ మేడమీది వాటాలే. ఆవిణ్ణి మెట్లెక్కించేదెలా? పడిపోతే ఈసారి లేవదు. నాకు అన్నం సయించడం మానేసింది.

ఇక లాభం లేదు, ఊళ్ళో ఉన్న అరెకరం అమ్మైనా సరే ఓ కొంప కొనుక్కుందామనుకున్నాం. అప్పుడే నాంపల్లి స్టేషను వెనక సందులో ఓ పెంకుటిల్లు అమ్ముతారని తెలిసింది. అబిడ్స్‌లో ఏదో బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన సారుదట. అన్నదమ్ములు తమ హిస్సాలు తమకిమ్మని పట్టుబడితే అమ్మకానికి పెట్టాడట.

బయల్దేరేముందు మా ఆయన నాకు పాఠం చెప్పారు. "నీ మొహంలో సంబరం కనపడిందా, ధర పెరిగినట్టే. బాగుందని పొరపాటున కూడా అనకు. ఆడవాళ్ళతో లోపలికెళ్ళి నాలుగు వంకలు పెట్టిరా." మా వైపు గేదెను కొన్నా, పొలం కొన్నా ఇదే వరస. కొనేవాడు పెదవి విరుస్తాడు, అమ్మేవాడు ఇష్టముంటే కొను లేకపోతే పో అంటాడు. ఇదంతా ఉత్తుత్తిదని ఇద్దరికీ తెలుసు. బేరం తెగాక కలిసి కూర్చుని మజ్జిగ తాగుతారు.

ఇల్లు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. ఎక్కడా మెట్టన్నది లేదు. పడగ్గది లోంచి పెరటి దాకా ఒకటే నేల. ఒకరు మంచం దింపితే చాలు, అత్తగారు గోడ పట్టుకుని తనంతట తానే నడిచిపోవచ్చు. వంటింట్లోకి వెళ్తే కిటికీ లోంచి ఎండ తిన్నగా పొయ్యి మీద పడుతోంది. నేనేమన్నానో తెలుసా? "ఇదేం వంటిల్లండీ, ఇంత చీకటి!" అన్నాను.

సారు భార్యకు అరవై ఏళ్ళుంటాయి. నా వెనకే వస్తోంది. నేను ఆగితేనా! గోడలు చెమ్మన్నాను, బావి ఆగ్నేయంలో ఉంటే ఇంటికి అచ్చిరాదన్నాను, పెంకులన్నీ మార్చాలన్నాను. ఆఖరికి దేవుడి గూడు కూడా ఇరుగ్గా ఉందన్నాను. నా నోరు పడిపోను! ఆవిడ ప్రతిదానికీ "ఔనా బిడ్డా" అని, చివర్లో చాయ్ ఇచ్చింది.

బయట సారు మా ఆయనతో, "పైసలదేముంది సారు, కూసోని మాట్లాడుకుందం. గని మా ఇంటామె ఔ అన్ననాడే దస్కత్ పెడ్తనని ఆమెకు జబానిచ్చిన" అన్నాడు. సంతకానికి ఆవిడ ఒప్పుకోవాలట! ఆవిడదేముందిలే, భర్త మాట కాదంటుందా అనుకుంటూ ఇంటికొచ్చాం.

నాలుగు రోజులాగి మా ఆయన జవాబు కోసం వెళ్ళారు. తిరిగొచ్చి చొక్కా కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డారు. సారు ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, "మీ ఇంటామెకు మా ఇల్లు జరంత గూడ నచ్చలేదంట గద సారు. నచ్చని ఇల్లు మీకెట్ల అంటగడ్తం? గట్ల చేస్తే మాకు పాపం" అన్నాడట. అదంతా బేరం కోసమేనండీ అని ఈయన మొత్తుకున్నా సారుకు ఎక్కలేదట. "మరి అబద్ధం ఎందుకు చెప్పిన్రు?" అని అడిగాడట.

"నాలుగు వంకలంటే నలభై పెడతావా?" అని ఈయన.

"పెట్టమన్న మహానుభావులెవరో?" అని నేను.

గడువు ఇంకా పదకొండు రోజులే ఉంది. మా అరుపులు విని అత్తగారు మంచం మీంచి, "నన్ను తీసుకెళ్ళి ఏ సత్రంలోనో పడేయండర్రా, మీకీ పీడ వదులుతుంది" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్ళగానే, పక్కింటావిణ్ణి అత్తగారి దగ్గర కూర్చోబెట్టి ఒక్కదాన్నే ఆ ఇంటికి బయల్దేరాను. గుమ్మంలోంచే పొమ్మంటే ఏం చెయ్యాలో తెలీదు.

ఆవిడ వసారాలో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. "పిన్నిగారూ, నేనన్నవన్నీ అబద్ధాలండీ. మీ ఇల్లు నాకెంత నచ్చిందో చెప్పలేను. మా అత్తగారు మెట్లెక్కలేరు. పదిరోజుల్లో మాకు నిలవనీడ ఉండదు. మా వైపు బేరమంటే వంకలు పెట్టడమే. మీ మనసు నొప్పించాను, క్షమించండి."

ఆవిడ తలెత్తలేదు. "నాకెరుకే బిడ్డా. పొయ్యి మీద ఎండ పడుతుంటే చీకటున్నదంటివి. నాకు కండ్లు లేవా?"

నేను బిత్తరపోయాను. "తెలిసీ, మాకు నచ్చలేదని సారుతో ఎందుకు చెప్పారండీ?"

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "ఈ ఇంటికొచ్చి నలభై ఏండ్లాయె. మీకంటె ముందు ముగ్గురొచ్చిన్రు. ముగ్గురూ మంచిగున్నదనే అన్నరు. ఆళ్ళకు ఏదో ఒకటి చెప్పి పంపిచ్చిన. ఇగ ఏం చెప్పాలె, ఎన్నాళ్ళు ఆపాలె అని ఫికర్ పడుతుంటే నువ్వొచ్చినవు. నువ్వు ఒక్కో వంక పెడుతుంటే నా పానం ఎంత నిమ్మళమాయెనో! ఇంకిన్ని దినాలు ఈడనే ఉంటననుకున్న. ఇప్పుడు నువ్వే వచ్చి మంచిగున్నదంటివి."

వద్దులెండి పిన్నిగారూ, మేం ఇంకోటి చూసుకుంటాం అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఇన్నేళ్ళయ్యాక దాచుకోవడమెందుకు, అనాలని కూడా గట్టిగా అనుకోలేదు. తల వంచుకుని నిలబడ్డాను, అంతే.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి కేకేసింది. "ఇగో, వింటున్రా? గీ బిడ్డకు మన ఇల్లు నచ్చిందంట. దస్కత్ పెట్టున్రి."