సుగుణ కుట్టిన బొంత

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మా ఇంటి గోడకు తగిలించి, వచ్చినవాళ్లందరికీ చూపిస్తూ బతికాను. దాని బరువు ఎవరికీ తెలియదు. అందరూ బాగుందనే అన్నారు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి, మీకు మొదటినుంచీ చెప్పగలుగుతున్నానేమో.

తార్నాకలో మా ఇంటి ముందుగదిలో ఆదివారాలు నేను బొంతలు కుట్టడం నేర్పిస్తాను. ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు, రిటైరైన టీచర్లు వస్తారు. కొత్తగా ఎవరు చేరినా గోడమీది బొంత చూపించి, "ఇది నా మొదటి బొంత, క్యాంపస్‌లో చదువుకునే రోజుల్లో కుట్టాను" అనేదాన్ని. ఒక మూల కుట్లు వంకరగా ఉంటాయి. అక్కడ మొదలుపెట్టాననీ, తర్వాత చెయ్యి కుదిరిందనీ చెప్పి నవ్వేదాన్ని. వాళ్లకు ధైర్యం వచ్చేది.

ఆ వంకర మూల ఒక్కటే నాది. మిగతాదంతా సుగుణ కుట్టింది.

సుగుణ హాస్టల్లో నా రూమ్మేట్, చదివేది వేరే డిపార్ట్‌మెంట్‌లో. జనగామ వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. మేము ఎం.ఏ.లో ఉండగా వాళ్లమ్మ పోయింది. దినాలయ్యాక తిరిగొస్తూ ఒక సంచినిండా అమ్మ పాతచీరలు తెచ్చుకుంది. ఆ చలికాలమంతా, క్లాసులు లేని మధ్యాహ్నాలు, వరండాలో ఆ చీరలను ఒకదానిమీద ఒకటి ముడతలు లేకుండా పరిచి, అంచునుంచి లోపలికి వరసలు వరసలుగా కుట్టుకుంటూ వెళ్లేది. నేను పక్కన కూర్చుంటే సూది చేతికిచ్చి ఒక మూల నాకు వదిలింది. నేను కుట్టింది చూసి విప్పేస్తుందనుకున్నాను. విప్పలేదు.

బొంత పూర్తయిన వారానికే వాళ్ల నాన్నకు జ్వరమని కబురొచ్చింది. బొంత మడిచి మంచం మీద పెట్టి ఊరెళ్లింది. అప్పుడే మా డిపార్ట్‌మెంట్‌లో చేతిపనుల ప్రదర్శన. నేనేమీ చెయ్యలేదు. వట్టి చేతులతో వెళ్లలేక ఆ బొంత పట్టుకెళ్లాను. సుగుణ పేరు రాద్దామనే తీసుకెళ్లానా? అలాగని నమ్మాలని ఇన్నేళ్లూ ప్రయత్నించాను. కానీ చీటీ మీద నా పేరు రాయడానికి నాకు క్షణం కూడా పట్టలేదు.

మా మేడమ్ బొంత అంచు పట్టుకుని చాలాసేపు చూశారు. నువ్వే కుట్టావా అని అడిగారు. అవునన్నాను. మొదటి బహుమతి ఇచ్చి, జూనియర్లకు చూపిస్తానని బొంతను తన గదిలో ఉంచుకున్నారు.

పదిరోజుల తర్వాత సుగుణ వచ్చింది. భుజాన సంచి దించకుండానే మంచం వైపు చూసింది.

"నా బొంతేది?"

"ఎండ తగులుతుందని డాబా మీద ఆరేశాను సుగుణా. సాయంత్రం వెళ్లేసరికి లేదు. ఎవరో తీసుకెళ్లిపోయారు."

ఆమె మంచం మీద కూలబడింది. సంచి ఒళ్లో పెట్టుకుని అంది: "పైకి కనవడే చీరలు పోతే పోయినయ్. లోపట అమ్మ ఆఖరుసారి దవాఖానకు కట్టుకపోయిన చీర పెట్టిన. ఎవ్వలకు చెప్పలే. నీకే చెప్తున్న."

"వెతుకుదాం," అన్నాను.

వెతికాం కూడా. ఇద్దరం గది గదికీ తిరిగాం. ఆమె తలుపు తట్టేది, నేను వెనక నిలబడేదాన్ని. హాస్టల్లో బట్టలుతికే అవ్వను అడిగితే, ఆవిడ తన మీదా పిల్లల మీదా ఒట్లు పెట్టుకుని ఏడ్చింది. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. చూస్తూ నిలబడ్డాను. అలా నిలబడగలిగిన మనిషి ఎవరు? నేనే.

పరీక్షలయ్యాయి. సుగుణ హాస్టల్ ఖాళీ చేసి వెళ్లాక మేడమ్ బొంత తిరిగిచ్చారు. ఆవిడ రాసిన ఉత్తరంతోనే నాకు చేతిపనులు నేర్పే ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత నాకు వచ్చిన మంచిపేరంతా ఆ ఒక్క "అవును" మీదే నిలబడింది.

పోయిన నెల బొంత ఒకచోట చిరిగింది. కుడదామని ఒళ్లో పెట్టుకున్నాను. చిరుగులోంచి లోపలి చీర కనిపించింది. ముదురాకుపచ్చ. దానిమీద మందు ఒలికిన గోధుమరంగు మరక. సూది గుచ్చడానికి నా చెయ్యి రాలేదు.

పాత హాస్టల్‌మేట్‌ను అడిగి సుగుణ అడ్రస్ సంపాదించాను. గోల్నాకలో ఉంటోంది, స్కూల్ టీచర్. ఇన్నేళ్లూ ఆటోలో అరగంట దూరంలోనే ఉంది. ముందుగా ఫోన్ చేస్తే వెనక్కి తగ్గుతానని తెలుసు. అందుకే చెయ్యకుండా, బొంత సంచిలో పెట్టుకుని వెళ్లాను. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. ఆమె అడ్డుపడకుండా విన్నది. బొంత తీసుకుని, చిరుగు దగ్గర వేళ్లు పెట్టి చూసుకుంది.

"గా అవ్వను నేను దొంగలెక్క అడిగిన," అంది. "ఆమె ఎన్నడో పోయింది. ఆమెకేం చెప్తవ్?"

సుగుణ నన్ను లోపలికి రమ్మనలేదు. నేను మెట్లు దిగుతుంటే తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది.

ఆ ఆదివారం క్లాసులో ఎవరో గోడ వైపు చూసి, "బొంతేది మేడమ్? ఉతకనిచ్చిన్రా?" అని అడిగారు. ఉతకడానికి ఇచ్చానని చెప్పడం ఎంత తేలిక! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"అది నాది కాదు," అన్నాను. "నా స్నేహితురాలిది. నేను దొంగిలించాను."

ఒక పెద్దావిడ సూదీ దారం సర్దుకుని లేచి వెళ్లిపోయింది. నేను ఆపలేదు. మిగిలినవాళ్ల ముందు తల వంచుకుని కూర్చున్నాను. సిగ్గు తగ్గలేదు. దాచే పని మాత్రం అయిపోయింది.