మర్యాదగా రాసిన ఉత్తరం

యాదలక్ష్మి ముప్పై ఏడేళ్ల వయసులో మళ్లీ ఇంటర్మీడియట్‌లో చేరిందన్న మాట మీర్‌పేటలో వాళ్ల గల్లీ అంతా తిరిగింది. ఆ మాట పుట్టించింది అత్త అండాలమ్మే. కోడలు ఆఫీసు నుంచి నేరుగా దిల్‌సుఖ్‌నగర్‌లో కాలేజీకి పోతోందనీ, అది స్పానిష్ భాషలో ఇంటర్మీడియట్ కోర్సనీ కొడుకు మహేష్ చెబితే, ఆమె చెవికి ఎక్కింది ఒక్క ఇంటర్మీడియట్ అన్న ముక్కే.

"డిగ్రీ సదివినామె మళ్ల ఇంటర్ సదువుడేంది? గప్పుడు తప్పిందా ఏంది?" అని ఎదురింటావిడను అడిగింది.

యాదలక్ష్మి నవ్వి ఊరుకుంది. మొదటి మెట్టు ఆన్‌లైన్‌లో అయిపోయిందనీ, ఇది రెండో మెట్టనీ, వ్యాపారంలో వాడే స్పానిష్ అనీ విడమరిచి చెప్పలేదు. అసలు ఏ సంగతీ విడమరిచి చెప్పే అలవాటు ఆమెకు లేదు.

చిన్నప్పుడు అలా ఉండేది కాదు. మునుగోడు దగ్గరి పల్లెలో తాతతో, నాయనతో గలగలా మాట్లాడిన పిల్లే. కుటుంబం పట్నం వచ్చాక ఇక్కడి బడిలో వేశారు. ఒకరోజు లెక్కల క్లాసులో లేచి నిలబడి, "టీచర్, నువ్వు చెప్పింది సమజ్ కాలె, మళ్లొకసారి చెప్పవా?" అంది. ఆ టీచరు కోస్తా నుంచి వచ్చినావిడ. టీచర్ని పట్టుకుని నువ్వంటావా అని గుమ్మం బయట నిలబెట్టింది. అమ్మను, తాతను, మొక్కుకునేటప్పుడు దేవుణ్ని కూడా నువ్వు అనే పిలిచే పిల్లకు తాను చేసిన తప్పేమిటో చాలాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక మాట్లాడటమే తగ్గించుకుంది. నోరు తెరిచే ముందు మాటను లోపలే ఒకసారి తడిమి చూసుకోవడం ఆమెకు అప్పటి నుంచి అబ్బింది.

ఎల్బీనగర్ దాటాక ఆటోనగర్‌లో విశ్వేశ్వరరావు అనే పెద్దమనిషికి బోర్లు వేసేటప్పుడు రాయిని తొలిచే బిట్లు తయారుచేసే కంపెనీ ఉంది. అక్కడ ఆమె ఎగుమతుల కాగితాలు చూస్తుంది. బిట్లు కొనేవాళ్లలో కొలంబియా దేశపు కొండ ప్రాంతంలో బోరు బండ్లు నడిపే ఒఫీలియా అనే ఆవిడ ముఖ్యురాలు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఇన్నాళ్లూ ఫోన్లో అనువాదం చేసి ఎలాగో నెట్టుకొచ్చారు.

"ఈ ఫోను అనువాదంతో ఏదో తేడా కొడుతోందమ్మా. మనలో ఎవరైనా నేర్చుకుంటే బావుంటుంది" అని విశ్వేశ్వరరావు ఒకరోజు ఆఫీసులో అందరి ముందూ అన్నాడు. కుర్రవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "నేను నేర్చుకుంటా సార్" అన్న గొంతు తనదేనని యాదలక్ష్మికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

దిల్‌సుఖ్‌నగర్ కాలేజీలో పాఠం చెప్పే మృదుల ఆమె కంటే చిన్నది. తెనాలి నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడినవాళ్ల అమ్మాయి. పిల్లలకైనా పెద్దలకైనా పేరు చివర గారు తగిలించి పిలుస్తుంది. మొదటి వారంలోనే ఆమె బోర్డు మీద రెండు మాటలు రాసింది. దగ్గరివాళ్లకు తూ, గౌరవించాల్సిన వాళ్లకు ఉస్తెద్. ఒకటి నువ్వు, ఒకటి మీరు. వ్యాపారంలో ఎప్పుడూ రెండోదే వాడాలి, దానికి క్రియ ఇలా మారుతుంది, అని పట్టిక గీసింది.

మిగతా విద్యార్థులు ఆ పట్టిక చూసి విసుక్కున్నారు. యాదలక్ష్మికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. గౌరవాన్ని ఇంత తేటగా, పట్టిక గీసి ఆమెకు ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. ఇది బట్టీ పడితే చాలు, ఇక ఎవరూ బయట నిలబెట్టలేరు. మెట్రోలో పట్టిక, రొట్టెలు చేస్తూ పట్టిక. మహేష్ తాను నడిపే స్కూలు వ్యాను కడుగుతుంటే పక్కన నిలబడి అతనికే అప్పజెప్పేది.

"నన్ను గూడ ఉస్తెద్ అంటవా?" అని అతను నవ్వేవాడు.

వర్షాకాలం మొదట్లో ఒఫీలియా నుంచి ఫోటోలతో మెయిలు వచ్చింది. బిట్టు మొహం మీద రాయిని నలిపే గట్టి బటన్లుంటాయి. అవి సగానికి సగం రాలిపోయాయి. ఒక బడి ఆవరణలో వేస్తున్న బోరు మధ్యలో ఆగిపోయిందట. విశ్వేశ్వరరావు ఫోటోలు అటూ ఇటూ జరిపి చూశాడు.

"ఆపరేటరు కంప్రెసర్ గాలి తక్కువ పెట్టి తోలుంటాడు. మన సరుకులో లోపం లేదని రాయండి. కాకపోతే మర్యాదగా రాయండి, పాత కస్టమరు" అన్నాడు.

క్లాసులో ఆ వారమే ఫిర్యాదులకు జవాబు రాయడం చెబుతున్నారు. యాదలక్ష్మి పుస్తకం ముందేసుకుని కూర్చుంది. మీ అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాము. మా పరిశీలనలో తేలినదేమనగా. దయచేసి తమ సిబ్బంది పద్ధతులను ఒకసారి పరిశీలింపగలరు. ప్రతి వాక్యంలో ఉస్తెద్ దాని చోట అది కూర్చుంది. పంపాక, ఆ ఉత్తరాన్ని పేర్లు తీసేసి మృదులకు చూపించింది. మృదుల దాన్ని క్లాసులో పైకి చదివింది.

"ఇంత చక్కటి జవాబు ఈ బ్యాచ్‌లో ఎవరూ రాయలేదండీ, యాదలక్ష్మి గారూ" అంది.

ఆ సాయంత్రం ఆమె చైతన్యపురి దాకా నడిచే వెళ్లింది. జిలేబీ కట్టించుకుంది. ఇంట్లో ఎందుకని అడిగితే ఊరికే అంది.

ఒఫీలియా నుంచి జవాబు రాలేదు. కోపంగా కూడా రాలేదు. అలా కొన్ని వారాలు గడిచిపోయాయి.

ఒక ఉదయం వర్క్‌షాపు చూసే సీతారాములు ఒక బిట్టును చేతుల్లో పట్టుకుని ఆమె టేబులు దగ్గరికి వచ్చాడు. తుర్కయంజాల్‌లో బోరు బండి నడిపే మనిషొకడు పొద్దున్నే వచ్చి గొడవ పెట్టుకుని, దాన్ని గేటు దగ్గర పడేసి పోయాడట. బటన్లు రాలిపోయి, అది ఫోటోలో చూసినట్టే ఉంది.

"యాదమ్మా, గీ లాటు నంబరు కొలంబియా డబ్బాల మీద గూడ ఉండె గదా?" అన్నాడు మెల్లగా. "ఆ లాటుకు బటన్లు బిగిచ్చేటప్పుడు వేడి సక్కగ పట్టలే. నాకు గిప్పుడు సమజైంది."

ఆమె పాత మెయిలు తెరిచి, ఫోటోలను ఆ బిట్టుతో పోల్చి చూసింది. తాను స్పానిష్‌లో రాసిన మొదటి మంచి ఉత్తరం అబద్ధమైపోయింది. అప్పుడు తెలియదు, నిజమే. కానీ తెలుసుకోవాలని తనకు తట్టనూ లేదు. క్రియలు సరిగా ఉన్నాయా లేదా అని మాత్రం నాలుగుసార్లు చూసుకుంది.

విశ్వేశ్వరరావు చెడ్డవాడు కాదు. సంగతి విని కళ్లజోడు తీసి టేబులు మీద పెట్టాడు. "ఇప్పుడు మనమే ఒప్పుకుంటే, రేపు మన మాట ఎవరు నమ్ముతారమ్మా?" అన్నాడు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "సరే, ఇంకో మెయిల్ రాయండి. జాగ్రత్తగా" అన్నాడు.

"మెయిల్ వద్దు సార్. మెయిల్ల నేను మంచిగ రాస్త. గదే పరేషాన్. ఫోన్ చేస్త."

ఆయన ఆమెను వింతగా చూశాడు. ఇన్నేళ్లలో ఆమె ఆయనతో అంత పెద్ద మాట మాట్లాడింది లేదు.

మరునాడు క్లాసు అయ్యాక ఆమె మృదుల దగ్గర నిలబడి జరిగిందంతా చెప్పింది. ఎలా ఒప్పుకోవాలో చెప్పమంది. మృదుల ఆలోచించి ఒక వాక్యం రాసిచ్చింది. "ఒక పొరపాటు జరిగింది. వ్యాపారంలో ఇలాగే అంటారండీ. ఎవరు చేశారన్నది రాదు, గౌరవంగానూ ఉంటుంది."

"జరిగిందంటే ఎట్ల మేడం? మేం జేసినం. నువ్వే చెప్పు, నీకు ఎవరన్న గిట్ల జేసి, జరిగింది అంటే నువ్వు ఊకుంటవా?"

అనేసి నాలుక్కరుచుకుంది. మృదుల మొహం ఒక్క క్షణం బిగిసింది. తర్వాత ఆ కాగితాన్ని తనే వెనక్కి తీసుకుంది. "ఊరుకోను" అంది. తప్పు మాది అనడానికి స్పానిష్‌లో ఉన్న పొట్టి వాక్యం రాసిచ్చి, "ఇది చిన్నపిల్లలు కూడా అనే మాటండీ. దీన్ని మెత్తగా చేయడానికి ఏమీ ఉండదు" అంది.

మనకు సాయంత్రమైతే వాళ్లకు పొద్దున. లేత్ మిషన్లు ఆగాక విశ్వేశ్వరరావు గదిలో కూర్చుని ఫోను కలిపింది. ఆయన ఎదురుగా కూర్చున్నాడు. అవతల గొంతు గరుకుగా, తొందరగా ఉంది. యాదలక్ష్మి పేరు చెప్పుకుంది, కంపెనీ పేరు చెప్పింది. బట్టీ పట్టిన పలకరింపు సగంలో ఉండగా అవతలి నుంచి గట్టిగా ఒక మాట వచ్చింది.

"కాయెసే!"

నోరు మూసుకోండి అని దానర్థం. అదీ మర్యాద రూపంలో. యాదలక్ష్మి ఫోను పెట్టేయబోయింది.

"మిమ్మల్ని కాదు, మిమ్మల్ని కాదు" అంది ఒఫీలియా. "మా కుక్కను. చెప్పండి."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "కుక్కను కూడా ఉస్తెద్ అంటారా?" అని అడిగేసింది, అడగాలనుకున్నదంతా మరిచిపోయి.

"మా కొండల్లో అందరూ ఉస్తెదే. మొగుడూ, పిల్లలూ, కుక్కా. మీ దగ్గర కాదా?"

"మా ఇంట్లో అందరూ తూ. మా అమ్మ కూడా. బడిలో టీచరును అలా అన్నందుకు నన్ను బయట నిలబెట్టారు."

అవతల పెద్దగా నవ్వు వినబడింది. ఏం జరుగుతోందని విశ్వేశ్వరరావు సైగ చేశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. పట్టిక గుర్తు రావడం మానేసింది. క్రియలు ఎటుపడితే అటు పోతున్నాయి, ఉస్తెద్‌తో మొదలైన వాక్యం తూతో ముగుస్తోంది. ఆ విరిగిన మాటలతోనే చెప్పింది. ఉత్తరంలో రాసింది నిజం కాదు. తప్పు మాది. మీ మనిషిది కాదు. మా ఊళ్లో కూడా అవే బిట్లు అలాగే పోయాయి.

 

"ఆ ఉత్తరం రాసింది మీరా?" అంది ఒఫీలియా. "నేను లాయరు రాశాడనుకున్నాను. అంత మర్యాద చూసి, ఇక ఈ మనుషులతో మాట్లాడటానికి ఏమీ లేదనుకున్నాను. బండి తోలే అబ్బాయిని తిట్టాను కూడా. వాడు పని మానేశాడు."

ఆ చివరి మాట యాదలక్ష్మి పట్టుకోలేకపోయింది. నెమ్మదిగా చెప్పమంది. రెండోసారి విన్నాక, సారీ అనడానికి తెలిసిన మాటలన్నీ చాలవనిపించింది. "నేను పిలుస్తాను వాణ్ని" అంది ఒఫీలియానే. "మీరు చెప్పిందే చెబుతాను."

అన్నీ చక్కబడలేదు. అప్పటికే ఒఫీలియా సగం సరుకు వేరే దేశం నుంచి తెప్పించుకుంటోంది, అది అలాగే ఉంటుందని తేల్చి చెప్పింది. పోయిన బిట్లకు బదులు కొత్తవి విమానంలో పంపారు. విశ్వేశ్వరరావు కొన్నాళ్లు ముభావంగా తిరిగాడు. తర్వాత ఒకరోజు తుర్కయంజాల్ మనిషికి కూడా తనే ఫోన్ చేసి మాట్లాడాడని సీతారాములు చెప్పాడు.

కోర్సు చివరి పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. కస్టమరు ఫిర్యాదును మర్యాదగా తిరస్కరిస్తూ జవాబు రాయండి. యాదలక్ష్మి చేయెత్తింది.

"మేడం, ఇందుల తప్పు ఎవరిది?"

"ప్రశ్నలో అది ఇవ్వలేదండీ" అంది మృదుల. ప్రశ్నపత్రం తీసి మరోసారి చదువుకుంది. యాదలక్ష్మి రాసింది. బాగానే రాసింది, పాసైంది. కానీ మొదటిసారి ఉన్న ఆ సంబరం లేదు.

చలికాలంలో ఒఫీలియా నుంచి వీడియో వచ్చింది. అదే బడి ఆవరణ. గొట్టంలోంచి బురద నీళ్లు, ఆ వెనకే తెల్లటి నీళ్లు ఎగజిమ్మాయి. యూనిఫారాల్లో పిల్లలు తడుస్తూ కేకలు వేస్తున్నారు. బండి మీద నిలబడ్డ సన్నటి అబ్బాయి కెమెరా వైపు చేయి ఊపాడు. మానేసి తిరిగి వచ్చింది ఇతనేనని కింద ఒఫీలియా రాసింది.

యాదలక్ష్మి దాన్ని అత్తకు చూపించింది. అండాలమ్మ ఫోను దగ్గరికి లాక్కుని మళ్లీ మళ్లీ చూసింది.

"నీళ్లు మంచిగ పడ్డయి" అంది. "గామెకు చెప్పు, మీ అత్త సంతోషపడ్డదని."

నీళ్లు పడ్డాయి అనడానికి వాళ్లేమంటారో యాదలక్ష్మికి తెలియదు. పుస్తకంలో వెతకలేదు. ఫోను చేసి అడుగుదామని నంబరు నొక్కింది.