ఇద్దరి చేతులతో వేసిన అతుకు

2023 వానాకాలం. తిరువళ్లూరులో ఒక చిన్న డయాలిసిస్ సెంటర్‌లో టెక్నీషియన్‌గా చేరి అప్పటికి ఏడాది దాటింది. తిరుత్తణి నుంచి పొద్దున రైల్లో వెళ్లేదాన్ని. కూర్చోడానికి చోటు దొరికితే పుస్తకం తీసేదాన్ని. దొరక్కపోతే ఆ రోజు ఎవరికి ఏమవుతుందో అని భయపడుతూ నిలబడేదాన్ని. నిజానికి పుస్తకం చేతిలో ఉన్నా అదే పని.

మా పని గురించి కొంచెం చెప్పాలి. కిడ్నీలు పనిచేయని వాళ్ల రక్తాన్ని బయటికి తీసి, యంత్రంలో శుభ్రం చేసి, తిరిగి ఒంట్లోకి పంపడమే డయాలిసిస్. అందుకోసం చేతిలో రెండు రక్తనాళాలను ఆపరేషన్ చేసి కలుపుతారు. దాన్ని ఫిస్టులా అంటాం. దాని మీద వేలు పెడితే లోపల తేనెటీగ చిక్కుకున్నట్టు సన్నగా అదురుతుంది. ఆ అదురు పేరు థ్రిల్. సూది గుచ్చే ముందు మేము వెతికేది దాన్నే. అది ఆగిందంటే లోపల రక్తం గడ్డ కట్టిందేమోనని అనుమానించాలి. అప్పుడు మెడలో కాథెటర్ అనే గొట్టం వేయాల్సి రావచ్చు, మళ్లీ ఆపరేషన్‌కు చెన్నై పోవాల్సి రావచ్చు.

సులోచనక్కది పొదటూరుపేట. యాభై దాటిన నేతగత్తె. చీర అంచులకు కొత్త కొత్త పూలు తనే గళ్ల కాగితం మీద గీసి నేసేదట. జబ్బు చేసినప్పటి నుంచి మగ్గం దగ్గరికే పోలేదు. "నూలు చూస్తే ఏడుపొస్తాది పాపా" అని ఒకసారి అనింది. ఇంకొకసారి, ఎవరూ అడక్కుండానే, "మెడకు గొట్టమేస్తే మాత్రం నేను రాను. ఇంట్లోనే ఉండి పోతాను" అనింది. పోతాను అంటే ఎక్కడికో నాకు అర్థమైంది.

ఆమె పక్క కుర్చీ ఎస్తేరుది. మణవాళనగర్ అమ్మాయి, ఫ్యాక్టరీలో పని చేస్తూ జబ్బు పడింది. ఆమెకు ఫిస్టులా కుడి చేతికి, సులోచనక్కకు ఎడమ చేతికి. ఇద్దరూ గంటల తరబడి పక్కపక్కనే ఉండేవాళ్లు గానీ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. ఆ నెలలో మూల కుర్చీలో కూర్చునే పెద్దాయన చనిపోయాడు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు. అందరూ అటు చూడడం మానేశారు. నేను డైరీ రాయడం మానేశాను. పెన్ను పట్టుకుంటే ఆ కుర్చీ తప్ప ఇంకేదీ వచ్చేది కాదు.

ఒక పొద్దున సులోచనక్క నుదుట విబూదితో, పసుపు వాసనతో వచ్చింది. వస్తూ వస్తూ తిరుత్తణి కొండెక్కి కాప్పు కట్టించుకుందట. కాప్పు అంటే మొక్కుకున్నవాళ్లు మణికట్టుకు కట్టుకునే పసుపు దారం. మగవాళ్లకు కుడి చేతికి, ఆడవాళ్లకు ఎడమ చేతికి కడతారు. ఆమె ఫిస్టులా ఉన్నదీ ఎడమ మణికట్టు దగ్గరే. దారం నాలుగు చుట్లు తిప్పి బిగించారు. దారానికి కింద అరచెయ్యి ఉబ్బి ఉంది.

వేలు పెట్టాను. తేనెటీగ లేదు. కళ్లు మూసుకుని ఇంకోచోట పెట్టాను. ఏదో ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. నా వేలే వణుకుతోందేమో తెలియలేదు.

సీనియర్ సిస్టర్ డాక్టరుకు ఫోన్ చేయడానికి పరుగెత్తింది. నేను కత్తెర తీసుకున్నాను.

"అక్కా, ఈ దారం తీసేయాల."

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. "కత్తెర పెట్టొద్దు. మొక్కు తీరకముందే కాప్పు తెంపితే ఏమైతాదో తెలుసునా నీకు?"

"రక్తం పోవడం లేదక్కా. ఇట్లే ఉంటే చెయ్యి మూసుకుపోతాది."

"అందుకేగా కట్టించుకునింది. ఈ చెయ్యి చల్లగా ఉండాలనే."

కత్తెర కిందికి దించాను. అప్పటికే యంత్రానికి తగిలించి ఉన్న ఎస్తేరు మాట్లాడింది.

"కొయ్యొద్దంటే విప్పుకో అక్కా. విప్పితే తప్పు లేదు గదా?"

"ఒక చేత్తో ఎట్ల విప్పేది?"

"నాకొక చెయ్యి ఉందిలే. ఇట్లా తే."

ఎస్తేరు కుడి చెయ్యి సూదులతో కదలకుండా ఉంది. ఎడమ చెయ్యి చాపింది. సులోచనక్క కుడి చేతి గోళ్లు, ఎస్తేరు ఎడమ చేతి గోళ్లు కలిసి ఆ ముడిని తవ్వడం మొదలుపెట్టాయి. పసుపు ఎండి ముడి రాయిలా ఉంది. ఒక్కో క్షణం ఆ నాళంలో రక్తం గడ్డ కడుతున్నట్టే అనిపించి కత్తెర పిడిలో నా వేళ్లు బిగుసుకున్నాయి. చివరికి ముడి వదులైంది. చుట్లు ఊడి వచ్చాయి. చివరి చుట్టు లాగుతుండగా దారం తెగింది.

సులోచనక్క ముఖంలో రక్తం లేదు. నేను ఆమె చేతి మీద వేలు పెట్టాను. అదురు చాలా సన్నగా ఉంది, కానీ ఉంది. "ఉందక్కా" అన్నాను. ఆమె వినలేదు. ఒళ్లో పడిన రెండు ముక్కలనూ చూస్తోంది.

అపశకునమని నేను కూడా అనుకున్నాను. ఇంత చదివి అలా అనుకోవడమేమిటని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, ఆ గదిలో ఆ మూల కుర్చీ ఎదురుగా ఉన్నప్పుడు ఎవరైనా అలాగే అనుకుంటారు.

కాసేపటికి సులోచనక్క ఒక ముక్కను వెలుతురుకు పట్టి చూసింది. ఆ చూపు మారింది. జబ్బు మనిషి చూపు కాదది, నేతగత్తె చూపు.

"తెగితే అతకాల. మా ఇంట్లో తెగని పోగు యాడుంది?"

మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతుంటే దాన్ని పూర్తిగా తీసేయరట. చివరి పోగులు వదిలిపెట్టి, కొత్త పడుగును ఒక్కొక్క పోగుగా వాటికి మెలిపెట్టి అతుకుతారట. వేళ్లకు పట్టు దొరకడానికి బూడిద అద్దుకుంటారు. ఆమె సంచిలో బూడిద లేదు, కొండ మీది విబూది పొట్లం ఉంది.

"నేను ఈ కొస పట్టుకుంటా. ఎస్తేరూ, నువ్వు ఆ కొస మెలి తిప్పు. అటు కాదే, ఇటు. అన్నం కలిపినట్టు కాదు."

"విబూది వేళ్లతో మా పాస్టరు చూస్తే నన్ను చర్చిలోకి రానిస్తాడా అక్కా?"

"బూడిద అని చెప్పు. అబద్ధం కాదు గదా."

ఎస్తేరు నవ్వింది. డాక్టరు వచ్చేసరికి అతుకు పడింది. ఆయన స్టెతస్కోపు పెట్టి విన్నాడు, ఇంకోసారి విన్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. "నాళం తెరుచుకునే ఉంది. జాగ్రత్తగా మొదలుపెట్టండి" అన్నాడు. చేతులు బాగా కడిగించి సూది గుచ్చాను. రక్తం గొట్టంలోకి ఎక్కింది.

కాప్పు ఈసారి కుడి చేతికి కట్టుకోమని నేనంటే సులోచనక్క మళ్లీ ఆగింది. "ఆడదానికి ఎడమ చెయ్యి కదా పాపా."

"మీ దేవుడికి రెండు చేతులూ తెలుసులే" అంది ఎస్తేరు. నేను వదులుగా కట్టాను.

తర్వాతి వారం సులోచనక్క ఒక కవరులో ఉతికిన రంగు నూలు తెచ్చింది. సూదులకు దూరంగా పెట్టుకుంటేనే అని సిస్టర్ ఒప్పుకుంది. ఆమె కుడి చెయ్యి, ఎస్తేరు ఎడమ చెయ్యి. అతుకులు వేస్తూ, పోగులు జడలా అల్లుతూ ఒక సన్నటి పట్టీ పెరిగింది. రంగుల కోసం పోట్లాడుకున్నారు. ఎదురు కుర్చీల వాళ్లు ఆకుపచ్చ పెట్టమనీ, వద్దనీ సలహాలిచ్చారు. బీపీ పడిపోయిన రోజులూ ఉన్నాయి, వాంతులైన రోజులూ ఉన్నాయి. అప్పుడు పట్టీ పక్కన పెట్టేవాళ్లు, కొస మాత్రం ముడి వేసేవాళ్లు కాదు. వేస్తే అయిపోయినట్టేనట. ఇంటికి వెళ్లి నేను ఆ రంగుల పేర్లు డైరీలో రాసుకున్నాను. మూల కుర్చీ కాకుండా ఇంకొకటి రాయడం చాలా రోజుల తర్వాత అదే మొదలు.

ఆ కేసు నాకు నేర్పింది మొదట పనికి సంబంధించినది. ఇప్పుడు ఎవరు వచ్చినా, చేతికి ఏమైనా కట్టారా అని అడుగుతాను. కట్టి ఉంటే ఎందుకు కట్టారో అడిగి, ఆ తర్వాతే కత్తెర సంగతి ఆలోచిస్తాను. రెండోది, కొస ముడి వేయకుండా వదలడం, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.

ఒకరోజు ఎస్తేరు కుర్చీ ఖాళీగా కనిపించింది. జ్వరంతో ఆస్పత్రిలో చేర్చారని, డయాలిసిస్ అక్కడే చేస్తున్నారని వాళ్లమ్మ ఫోన్ చేసింది. సులోచనక్కకు చెప్పాను. ఆమె ఆ కుర్చీ వైపు ఒకసారి చూసింది. తర్వాత కవరులోంచి పట్టీ తీసి, వదులుగా ఉన్న కొస నా వైపు చాపింది.

"పట్టుకో పాపా. ఎస్తేరు వచ్చేలోపల నాలుగు వేళ్ల పొడవన్నా పెరగాల."

"నాకు చేతులు వణుకుతాయక్కా."

"నాకు మాత్రం వణకవా? గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాను.