వదినె కొలిచిన వానలు

మొన్న పొద్దున కోరుట్ల అంగడిలో ఉండగా సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. "తాతా, అమ్మమ్మ పోయింది" అన్నది మా వదినె మనవరాలు. కూరగాయల సంచి కింద పెట్టి ఆకాశం దిక్కు చూశాను. మబ్బు పట్టి ఉంది కానీ కురిసే మబ్బు కాదు. ఆ తేడా నాకు నేర్పింది వదినెనే.

నాకు రాయడం అలవాటు లేదు. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివి, తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కి కల్లు దించే మా ఇంటి పని పట్టుకున్నాను. మాట్లాడటం అంతకన్నా తక్కువ. అయినా మా కథలాపూర్‌లో ఎంత వాన పడిందో ఇన్నేళ్లు పేపర్లో చదివినవాళ్లకు, ఆ అంకె ఎవరి చేతి మీదుగా వచ్చిందో చెప్పాలనిపించింది.

మా అన్న చిన్న వయసులోనే పోయాడు. ఊరి బయట సర్కారు విత్తనాల ఫారంలో వదినెకు ఊడ్చే పని దొరికింది. అక్కడ కంచె లోపల వాన కొలిచే డబ్బా ఒకటి, కాళ్ల మీద నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టె ఒకటి ఉండేవి. పెట్టెలో గాలి వేడిని చూసే గాజు గొట్టాలు. వాటిని చూసే ఆయన సెలవు పెడుతూ, "నాలుగు దినాలు నువ్వు చూడమ్మా" అన్నాడు. ఆయన మళ్లీ రాలేదు. వదినె రిటైరయి పని దిగిపోయేదాకా చూస్తూనే ఉంది.

పొద్దున ఎనిమిదిన్నరకు చూడాలి. అది నేను తాటిచెట్టు మీద ఉండే వేళ. పైనుంచి చూస్తే మంచులో ఫారం అంతా పాలల్లో ముంచినట్టు ఉండేది. ఆ తెల్లదనంలో వదినె ఒక్కతే నడిచి వచ్చేది. కొంగుతో చేతులు తుడుచుకొని, డబ్బా నీళ్లు గాజు గ్లాసులోకి వంపి, గ్లాసును కంటి ఎత్తుకు లేపేది. కొలుస్తున్నట్టు ఉండేది కాదు, నీళ్లు ఏదో చెబుతుంటే వింటున్నట్టు ఉండేది. పుస్తకంలో రాసేదాకా ఎవరు పలకరించినా పలికేది కాదు. రాసినాక ఆ నీళ్లు కంచె పక్కన బంతిచెట్టుకు పోసేది.

వానాకాలంలో పేపర్లో "సాధారణం కన్నా తక్కువ" అని వస్తుంది కదా. ఆ సాధారణం అంటే ఏమిటని ఫారం సారును ఒకసారి అడిగింది. ముప్పై ఏళ్ల వానను కూడి, ఏడాదికి ఎంత వస్తుందో తీస్తారని ఆయన చెప్పాడు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"మరిదీ, ఎక్కువనో తక్కువనో చెప్పాలంటే ముందుగాల సరి ఎంతో తెల్వాలె గదా. గా సరిల నా చేతి లెక్క గూడ ఉన్నదట."

"మంచిగైంది" అన్నాను.

సిరిసిల్లలో బిడ్డ కాన్పుకు పోవాల్సి వచ్చినప్పుడు ఆ పని నాకు అప్పజెప్పింది. ఎట్ల వంపాలో, ఎక్కడ చూడాలో రెండు పొద్దులు చూపించింది. "వాన లేకుంటే సున్నా రాయి. చూడకుంటే మాత్రం సున్నా రాయకు. సున్నా అంటే చూసినవ్, ఏం లేదు అని" అన్నది. ఇన్నేళ్లలో ఒక్క దినమూ ఖాళీ లేని పుస్తకాలు ఆమెవి. పట్టుచీరలున్న ఆడవాళ్లు పెట్టెలు తెరిచి చూసుకున్నట్టు, వాటిని అప్పుడప్పుడు తీసి చూసుకునేది.

మిరుగం, అదే మృగశిర కార్తె, జొచ్చింది. తొలివాన రాత్రంతా దంచి కొట్టింది. పొద్దున తాళ్లు దిగి, చెట్టెక్కే మోకు తడి అంటిన చేతులతోనే ఫారానికి ఉరికాను. డబ్బా జారింది. నీళ్లన్నీ నేల తాగేసింది.

తర్వాత వెనక్కి పోయి, నేను దించిన కల్లు కుండలు, మా లొట్లు చూశాను. ఏ చెట్టు ఎంత కల్లు పారుతుందో నాకు తెలుసు. మిగిలింది వాననీళ్లే. ఒక లొట్టిలో రెండు వేళ్లు, ఇంకో దాంట్లో బెత్తెడు. రెండిటికీ నడిమి లెక్క తీసి, అన్ని వేళ్లు గాజు గ్లాసు గీతల మీద పెట్టి చూసి, ఆ అంకె పుస్తకంలో రాశాను.

వదినె తిరిగి వచ్చింది. "అన్ని దినాలు చూసినవా?" అన్నది.

"చూసిన" అన్నాను.

ఒక క్షణం నా మొహంలోకి చూసి, "నీ రాత మంచిగనే ఉన్నది" అని పుస్తకం మూసింది.

ఆ కాన్పులో పుట్టిన పిల్లే మొన్న ఫోన్ చేసింది. కాలేజీలో చదివేటప్పుడు ఒక పండుగకు వచ్చి, ఫోన్లో లోకం పటం చూపించింది. సాధారణం కన్నా వేడి ఎక్కువైన చోట ఎరుపు, తగ్గిన చోట నీలం. వేలితో జరిపితే వాన పటం, ఎండినచోట మట్టిరంగు, తడిసినచోట ఆకుపచ్చ. వదినె కళ్లద్దాలు సర్దుకొని చాలాసేపు చూసింది.

"మనం ఏడ ఉన్నమే?"

"గీడ. కానొస్తలేం అమ్మమ్మా, నువ్వుగింజంత గూడ లేం."

"కానరాకున్నా ఉన్నం గదా. మరి గీ సముద్రంల ఎవలు కొలుస్తరు?"

"ఓడలల్ల కొలుస్తరు. నీళ్ల మీద తేలే యంత్రాలు గూడ ఉంటయి."

వదినె కళ్లు మూసుకుంది. ఆ నీలంలో ఎక్కడో ఎవరో చేతులు తుడుచుకొని గ్లాసు లేపుతున్నట్టు ఆమెకు కనబడి ఉంటుంది. కళ్లు తెరవకుండానే అడిగింది, "ఒక్కలు తప్పు రాస్తే గా రంగు మారుతదానే?"

మనవరాలు నవ్వింది. నేను లేచి బయటికి వచ్చాను.

వదినె పని దిగే ఏడు, పాత పుస్తకాలన్నీ కంప్యూటర్లో ఎక్కించడానికి జగిత్యాల నుంచి ఒక సారు వచ్చాడు. బీరువాలోంచి పుస్తకాలు దించింది నేనే. ఒక పేజీ దగ్గర ఆయన ఆగాడు. "ఆ రోజు అటు చందుర్తిల, ఇటు కోరుట్లల గింత వాన లేదమ్మా. నీ కాడ్నే ఎట్ల పడ్డది?"

వదినె పేజీ చూసింది. తర్వాత నన్ను చూసింది. "మరిదీ, నిజం చెప్పు."

"ఒలికిపోయింది వదినె" అన్నాను. "లొట్లు చూసి రాసిన."

సారు కడుపు పట్టుకొని నవ్వాడు. "పోనీ తియ్యమ్మా. ముప్పై ఏండ్ల సగటుల ఒక్క దినం ఎంత, కలిసిపోతది. ఒక్క ఖాళీ లేదని నీకు జగిత్యాలల శాలువా కప్పుదామనుకుంటున్నరు. అట్లనే ఉండనీ."

"కల్లుల నీళ్లు గూడ కలిసిపోతయ్ సారూ. మా మరిదిని అడుగు."

నా అంకె మీద అడ్డంగా ఒకే గీత గీసి, పక్కన "కొలవలే" అని రాసింది. శాలువా సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి వచ్చే తోవలో మక్కజొన్న చేన్ల నడుమ ఆమె ముందు, నేను వెనుక.

"కోపమా వదినె?"

"నువ్వు 'చూసిన' అన్నప్పుడే అనుమానమైంది. నువ్వు ఎన్నడన్న అంత జల్ది జవాబు చెప్పినవా?" కొంత దూరం నడిచాక అన్నది, "నేనూ అడగలే. ఖాళీ అయితదని భయం. తప్పు ఇద్దరిది." ఇంకా కొంత దూరం పోయాక, "తెల్వదు అనుడు గూడ లెక్కనే, మరిదీ."

కాళ్లు సాగక వదినె ఈ యేడు సిరిసిల్లలో బిడ్డ ఇంట్లోనే మంచం పట్టింది. వారానికోసారి బస్సెక్కి పోయి చూసి వచ్చేవాడిని. పోయిన నెల ఒక రాత్రి అక్కడే ఉండిపోయాను. తెల్లారి లేచేసరికి వాకిలి తడిసి ఉంది. రేకుల అంచు నుంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి. వదినె మంచం కిటికీ పక్కనే.

"రాత్రి ఎంత పడ్డది మరిదీ?"

ఏదో ఒకటి చెప్పవచ్చు. లేచి చూసే ఓపిక ఆమెకు లేదు. ముసలామె సంతోషపడుతుంది.

"తెల్వదు వదినె. నిద్రపోయిన."

తలూపింది. చాన్నాళ్ల తర్వాత ఆమె మొహం విచ్చుకుంది. కిటికీ చువ్వల నడుమ నుంచి చెయ్యి బయటికి చాచి, అరచెయ్యి గిన్నెలా పట్టింది. ఒక్కొక్క చుక్క వచ్చి అందులో చేరుతోంది. నిండి వేళ్ల సందుల నుంచి జారుతున్నా ఆమె చెయ్యి కదల్చలేదు. అప్పుడప్పుడే పొద్దు పొడుస్తోంది. ఆ గుప్పెడు నీళ్లలో ఆకాశం ముక్క ఒకటి వణికి, మెల్లగా నిలిచింది.