నాయిన ఎడమ చెయ్యి

మా కాలేజీ స్కిల్ ల్యాబుకు ఈ మధ్య ఒక రబ్బరు చెయ్యి వచ్చింది. భుజం దాకా ఉంటుంది, రంగు కూడా మన రంగే, లోపల సన్నటి గొట్టాలు, వాటిలో ఎర్ర నీళ్లు. సూది సరిగ్గా పడితే ఆ నీళ్లు వెనక్కి వస్తాయి, పడకపోతే రావు, అంతే, అమ్మా అనేవాళ్లు ఎవరూ ఉండరు. ఎల్‌బీ నగర్‌లో నేను పనిచేసే ఆసుపత్రికి అనుబంధంగా నడిచే కాలేజీ అది. ప్రాణం మీదికి వచ్చిన రోగిని పరీక్షించి, పెద్ద డాక్టరు వచ్చేలోగా చేయవలసింది తేల్చి చేసే నర్స్ ప్రాక్టీషనర్‌ని నేను; ఐసీయూ డ్యూటీ కాక వారానికోసారి అక్కడ చదివే నర్సింగు పిల్లలకు పని చూపించడం కూడా నాకే అప్పగించారు. మొన్న ఆ చేతికి పట్టీ బిగించి, నరం వెతికి, సూది దించి, "నొప్పయిందా నాయినా" అన్నాను. అలవాటుగా నోటికి వచ్చేసింది. పిల్లలు పకపకా నవ్వారు, నేనూ వాళ్లతో కలిసి నవ్వేశాను, కానీ ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చున్నా కళ్ల ముందు మా నాయిన చెయ్యే ఉంది.

మన ఈడు నర్సులకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. మన రోజుల్లో ల్యాబు అంటే వార్డే, బొమ్మ అంటే రోగే. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఒక చిన్న ఆసుపత్రి పై అంతస్తులో నడిచే నర్సింగు స్కూల్లో చేరేటప్పటికి నాకు లోకం తెలియదు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి సైదాబాద్‌లో ఒక పోర్షన్ కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం; నాయిన హయత్‌నగర్ బస్సు డిపోలో మెకానిక్, అమ్మ ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టేది. మొదటిసారి ఒక ముసలాయనకు సెలైన్ పెట్టమన్నప్పుడు నా చేతుల వణుకుకు సూది ఆయన చర్మాన్ని గీకిందే గానీ నరంలోకి పోలేదు. ఆయన కొడుకు వార్డంతా వినేటట్టు తిట్టాడు. వార్డు సిస్టరమ్మ సూది నా చేతిలోంచి తీసేసుకుని, చెయ్యి కుదిరేదాకా పేషెంట్లను ముట్టుకోవద్దని చెప్పింది. పేషెంట్లను ముట్టుకోకుండా చెయ్యి ఎలా కుదురుతుందని అడిగే ధైర్యం నాకెక్కడిది. బెడ్‌పాన్లు కడుగుతూ, దుప్పట్లు మారుస్తూ, ఈ చదువు నాకు అబ్బేది కాదని నిశ్చయించుకున్నాను.

ఇంట్లో ఆ మాట చెప్పి ఏడిస్తే, వేరే పనేదన్నా చూద్దాంలే అని అమ్మ ఓదార్చింది. మరునాడు నాయిన డ్యూటీ దిగి వస్తూ మందుల షాపులో, పట్టుకోవడానికి ప్లాస్టిక్ రెక్కలుండే సూదులు రెండు మూడు కొన్నాడు, చేతికి బిగించి కట్టడానికి డిపోలోంచి పాత ట్యూబు ముక్క ఒకటి కోసుకొచ్చాడు, కాళ్లు చేతులు కడుక్కుని నా ముందు చాప మీద కూర్చుని చెయ్యి చాపాడు. "గీ చెయ్యి మీద నేర్చుకో బిడ్డా. నేను గూడ బండ్లు ఖరాబు చేసుకుంటనె పని నేర్సిన" అన్నాడు. అమ్మ కుట్టు మిషను ముందు నుంచి లేచి వచ్చి అడ్డం పడింది. "కుడి చెయ్యి ముట్టకు, రేపు పానా పట్టాలె. ఏం జేసినా గా ఎడమ చేతికె జెయ్యి" అంది. అలా ఎడమ చెయ్యి అని తీర్మానమైపోయింది.

ఇక అక్కడి నుంచి ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక, పొయ్యి మీద కోడికూర ఉడుకుతుండగా, నాయిన తెల్లచొక్కా ఎడమ చెయ్యి పైకి మడిచి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. బొటనవేలి వైపున మణికట్టు మీదుగా పైకి పోయే నరం ఒకటుంటుంది, ఏ నర్సయినా ముందు వెతికేది దాన్నే, నాయినకు అది బారెడు దూరం నుంచి కూడా కనబడేంత ఉబ్బుగా ఉండేది. సూది దిగేటప్పుడు మొహం తిప్పేసి గోడ మీది క్యాలెండరు చదువుకునేవాడు, నేను తప్పితే ఇంకోసారి చూడమనేవాడు, సరిగ్గా పడితే నాకన్నా ముందు అమ్మను కేకేసి చూపించేవాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మా ఇంటి ఓనరమ్మ గుమ్మంలో నిలబడి, "ఏంటమ్మా, ఆదివారం పూట మీ నాన్నకి ఈ సూదుల పేరంటం" అని ఎగతాళి చేసేది. నా చెయ్యి కుదురుకున్న సంగతి స్కూల్లో తెలిసి, హాస్టల్లో ఉండే స్నేహితురాళ్లు ఇద్దరు మేమూ వస్తామన్నారు. మా నాయిన ఏమీ అనడని నేనే గొప్పగా మాటిచ్చి తీసుకుపోయాను; ఆయన నిజంగానే ఏమీ అనలేదు, పైగా వాళ్ల వంతు అయ్యాక కోడికూరతో అన్నం పెట్టించి పంపించాడు. సోమవారం ఆ చెయ్యి కమిలి నల్లబడి ఉండేది, దాన్ని పొడుగు చేతుల చొక్కాలో దాచుకుని డిపోకు పోయేవాడు.

దాంతో నాకు పేరొచ్చింది. ఎల్‌బీ నగర్‌లో ఉద్యోగంలో చేరాక, పసిపిల్లలకు గానీ ఒళ్లంతా వాచిన ముసలివాళ్లకు గానీ నరం దొరక్కపోతే వేరే వార్డుల నుంచి కూడా నన్నే పిలిపించేవాళ్లు. పేరు రుచి మరిగిన మనిషి ఒకచోట ఆగదు కదా, ఐసీయూకు మారాను, పెళ్లయి పిల్లలు పుట్టాక డిగ్రీ పూర్తి చేశాను, చివరికి యాభై దగ్గరపడుతుండగా నర్స్ ప్రాక్టీషనర్ చదువులో చేరతానని కూర్చున్నాను. అందరూ నవ్వారు గానీ నాయిన నవ్వలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్టు, రిటైరై ఇంట్లో కూర్చున్న ఆయనకు నా ముచ్చట తప్ప వేరే ముచ్చట లేదు. పాలవాడితో చెప్పేవాడు, బస్సులో పక్క సీటాయనతో చెప్పేవాడు, చర్చి మెట్ల మీద పాస్టరుగారిని ఆపి మరీ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఎడమ చెయ్యి ముందుకు చాపి, నా బిడ్డ పని నేర్చింది గీ చెయ్యి మీదనె అని ముగించేవాడు.

నేను ఆ చదువులో ఉండగానే నాయినకు ఎన్నాళ్లుగానో ఉన్న షుగరు కిడ్నీల మీదికి వచ్చింది. ఇప్పుడు కాకపోయినా రేపైనా డయాలసిస్ తప్పదన్నారు. దానికి ముందుగా ముంజేతిలో రక్తం తెచ్చే నాళాన్ని, తీసుకుపోయే నరాన్ని కలిపి కుడతారు, దాన్నే ఫిస్టులా అంటారు. ఆ నరం లావెక్కాక అక్కడ సూదులు పెట్టి రక్తం శుభ్రం చేస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా క్లాసులో పాఠం చెప్పారు. కిడ్నీ జబ్బు రాగల మనిషి చేతిలో, ముఖ్యంగా ఎక్కువ వాడని చేతిలో, బొటనవేలి వైపు నరానికి సూది తగలనివ్వకూడదని, ఊరికే గుచ్చితే అది లోపల గట్టిపడి రేపు ఫిస్టులాకు పనికిరాకుండా పోతుందని. చుట్టూ అందరూ రాసుకుంటున్నారు. నా పెన్ను ఆగిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు ఆ బెంచీ మీద తెలిసింది.

నాయినను సర్జన్ దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన స్కాను యంత్రం ఎడమ మణికట్టు మీద అటూ ఇటూ జరిపి, "ఇక్కడ వెయిన్ బాగా సన్నబడి గట్టిపడిందండీ. ఈ చేతికి సెలైన్లు బాగా ఎక్కించారా ఎప్పుడైనా" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా నాయిన చెప్పనే చెప్పాడు, "నా బిడ్డ పని నేర్సింది గీ చెయ్యి మీదనె సార్. ఇప్పుడు పెద్ద నర్సు" అని. డాక్టరు నా మొహం చూశాడు. షుగరు వల్ల కూడా ఇలా అవుతుంది, దీని వల్లే అని చెప్పలేం అన్నాడు. ఆయన మంచివాడు కాబట్టి అన్నాడో, నిజమే అన్నాడో, ఇవాళ్టికీ నాకు తెలియదు.

మణికట్టు దగ్గర వేసిన ఫిస్టులా నిలవలేదు. కుట్టిన చోట వేలు పెడితే లోపల తుమ్మెద తిరిగినట్టు జుమ్మని పలకాలి. రోజూ పొద్దున్నే వేలు పెట్టి చూసేదాన్ని, ఒకరోజు ఏమీ పలకలేదు. మోచేతి దగ్గర మళ్లీ వేశారు, అది పక్వానికి వచ్చేలోగా డయాలసిస్ అవసరం పడి మెడలో గొట్టం పెట్టాల్సి వచ్చింది, గోరుచుట్టు మీద రోకటి పోటులా ఆ గొట్టం నుంచి చలిజ్వరం పట్టుకుంది. ఆ జ్వరంలో ఆయన వణుకుతుంటే కాళ్ల దగ్గర కూర్చుని, నా పనితనం అంతా ఈ మనిషి చేతిలోంచి తీసుకున్నదే కదా, తిరిగి ఏం పెట్టగలిగానని కుమిలిపోయాను. బతికాడు. మోచేతి దగ్గరిది పనిచేసింది.

డయాలసిస్ సెంటరులో గంటల తరబడి పడుకోవాలి, మాటలకు కొదవ ఉండదు. నాయిన పక్క మంచం మీది వాళ్లకూ, టెక్నీషియన్లకూ, టీ తెచ్చే ఆమెకూ ఆ ముచ్చటే చెప్పేవాడు, కుట్ల మచ్చలు పడ్డ అదే చెయ్యి చాపి చూపించేవాడు. అక్కడ పనిచేసే నర్సులకు ఆ మాటకు అర్థం తెలుసు. వాళ్లు నావైపు చూసి చూపు తిప్పుకునేవాళ్లు, నేను నేల చూసేదాన్ని. ఒకరోజు ఆటోలో ఇంటికి వస్తూ, ఓపిక పట్టలేక, "నాయినా, ఇగ గా ముచ్చట ఎవ్వరికి చెప్పకు" అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. ఆయన నావైపు చూసి, "మంచిది బిడ్డా" అన్నాడు, మడిచి ఉన్న చొక్కా చెయ్యి కిందికి దించుకుని గుండీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లకు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది. "బిడ్డ పెద్దగైంది, మెకానిక్ చెయ్యి మీద నేర్సిన అంటే నామోషి అయితున్నది కావచ్చు అన్నడే మీ నాయిన" అంది. పరుగున పోయి అది కాదు నాయినా అని చెప్పాలనిపించింది, గుమ్మం దాకా పోయాను కూడా. అది కాదంటే మరేమిటని అడుగుతాడు. నువ్వు ప్రేమతో ఇచ్చిన చెయ్యే నీకు చేటు తెచ్చి ఉండవచ్చని చెప్పాలి. కూతురు తనను చూసి సిగ్గుపడుతున్నదని అనుకోనివ్వడమా, తన గొప్ప తనకే ఎదురు తిరిగిందని తెలియనివ్వడమా, ఈ రెంటిలో ఏది తక్కువ నొప్పో నా చదువులో ఎక్కడా చెప్పలేదు. రేపు చెప్దాం, పరీక్షలయ్యాక చెప్దాం అనుకుంటూ గడిపాను. నాయినను కాపాడుతున్నాననే అనుకున్నాను గానీ, కాపాడుకున్నది నన్ను నేనే. పరీక్షల్లో ఫిస్టులా గురించి అడిగితే తడుముకోకుండా చెప్పి మెప్పు పొందాను. పట్టా తెచ్చి చూపిస్తే నాయిన దాన్ని రెండు చేతులతో పట్టుకుని ప్రార్థన చేశాడు, పక్కింటివాళ్లను మాత్రం పిలవలేదు. ఆ మరుసటి ఏడు గుండె ఆగి పోయాడు.

కాలం మారింది, మంచికే మారింది. ఇప్పుడు ఏ తండ్రీ బిడ్డ చదువు కోసం చెయ్యి చాపనక్కరలేదు. మా ఐసీయూకు కిడ్నీ జబ్బు మనిషి రాగానే ఈ చేతికి సూది వద్దని రాసిన పట్టీ కడతారు, ఆ పద్ధతి మా ఆసుపత్రిలో పట్టుబట్టి పెట్టించింది నేనే. మన తరంలో పని నేర్చిన వాళ్లందరికీ ఎక్కడో ఒకచోట ఒక మనిషి చెయ్యి బాకీ ఉంటుంది, ఈ పిల్లలకు ఆ బరువు లేదు, అందుకు సంతోషమే. మీకింత నేర్పు ఎట్లా వచ్చింది మేడం అని వాళ్లు అడుగుతుంటారు, అనుభవం అని తప్పించుకుంటాను. నిజం చెప్పాలని ఉంటుంది గానీ, నా నోటితో చెబితే అది ఒప్పుకోలు అవుతుంది, నాయిన చెప్పినప్పుడే అది ముచ్చట. అడగకపోయినా దారిన పోయేవాళ్లను ఆపి మరీ సంతోషంగా చెప్పే మనిషి నాకు లోకంలో ఒక్కడే ఉండేవాడు, ఆయన్ని చెప్పొద్దన్నది నేనే.